నిచ్చెన మామయ్యకి తండ్రి లేడు

(బొమ్మల కథల కంపెనీలో ఎడిటర్ గది. బల్లకి ఇటు ఎడిటర్, అటు ఆమె తండ్రి. 'నిచ్చెన మామయ్య' అనే బొమ్మల కథల వీరుణ్ణి పుట్టించింది ఆయనే. మధ్యలో పాత పుస్తకాల గుట్ట.)

"కొట్టెయ్."

"నాన్నా, ఇంకా అట్ట కూడా తిప్పలేదు."

"అట్ట చూస్తే చాలదూ? మామయ్య చంద్రుడి మీద నిలబడ్డాడు. ఎలా వెళ్ళాడంట? నిచ్చెన వేసుకునా? కొట్టెయ్."

"కొట్టేశా. నువ్వు మానేశాక వచ్చిన రచయితవి ఇక ఏమీ మిగల్లేదు. అన్నీ పోయాయి."

"రచయితట! వాడి చేత పచారీ చీటీ రాయించినా పంచదార చంద్రుడి మీద నుంచే తెప్పిస్తాడు."

"మెల్లగా. పక్క గదిలోనే ఉన్నాడాయన."

"వినపడాలనే అంటున్నా."

"వినపడిందిలే. కుర్చీ జరిపిన చప్పుడు వచ్చింది. ఇంకోసారి చెప్తున్నా, విను. మనం ఉంచినవే అసలు కథలు. పెద్ద సంపుటంలో అచ్చయ్యేవి అవే. కొట్టేసినవి మళ్ళీ అచ్చు కావు. రేపు ఎవరు రాసినా, అవి మామయ్య జీవితంలో లేనట్టే రాయాలి. చివరి మాట నీదేనని కంపెనీ ఒప్పుకుంది."

"ఒప్పుకోక చస్తుందా? మామయ్య ఎవడి బిడ్డ?"

"నీ బిడ్డే. నేనెవరి బిడ్డనో కూడా కాస్త గుర్తుంటే చాలు."

"తర్వాతది తియ్."

"మామయ్య పెళ్ళి."

"కొట్టెయ్. ఒక భుజం మీద నిచ్చెన, ఇంకో భుజం మీద పెళ్ళామా? మేడల మీద చిక్కుకున్నవాళ్ళని దింపుతాడా, ఆవిడ చీరలు ఆరేయడానికి తాడు కడతాడా?"

"మామయ్యకి మతిమరుపు వచ్చిన కథ."

"వచ్చింది మామయ్యకి కాదు, రాసినవాడికి. కొట్టెయ్."

"మామయ్య కవల తమ్ముడు."

"ఛీ!"

"ఛీ అంటే కొట్టేయడమేనా?"

"రెండుసార్లు కొట్టెయ్. కవలలు కదా."

"ఇది నీదే. 'నిప్పంటుకున్న మేడ'."

"ఆ, అదీ కథంటే. ఇలా తే, వాసన చూడనీ."

"ఏడో పేజీలో ముసలావిణ్ణి మేడ మీంచి దింపాడు. పదో పేజీలో అదే ముసలావిణ్ణి, అదే మేడ మీంచి మళ్ళీ దింపాడు."

"మళ్ళీ ఎక్కింది."

"మంటల్లోకా?"

"ఏదో మర్చిపోయి ఉంటుంది. ముసలివాళ్ళు మర్చిపోరూ?"

"కాకి పిల్ల కాకికి ముద్దు."

"గుడ్డొచ్చి పిల్లని వెక్కిరించిందట! నేను ఆ కథ గీసేనాటికి నువ్వు బడిసంచీ మోయలేక దారంతా ఏడ్చేదానివి."

"ఉంచాను నాన్నా. నీవన్నీ ఉంచాను, ముసలావిడతో సహా. ఇక మిగిలినవి నావి."

"నీవా? ఏవి?"

"ఈ గుట్టంతా. ఆరేళ్ళు రాసి, నేనే గీశాను."

"గుట్టంతా ఒకేసారి కొట్టెయ్. కాఫీ తాగుదాం."

"సరే."

"సరే ఏంటి?"

"కొట్టేస్తాను. అన్నీ. ఒక్కటి మాత్రం ఉండాలి."

"ఓహో, బేరమా?"

"బేరమే. ఆరేళ్ళ పని పట్టుకుపో. 'వంతెన కింద మనిషి' ఒక్కటీ వదిలెయ్."

"అదేంటో నాకు తెలీదు. నీవి నేను చదవను. ఒంటికి పడవు."

"చదవనివాడివి దాన్నొక్కదాన్నే సంచీలో పెట్టుకుని ఇంటి నుంచి ఎందుకు మోసుకొచ్చావు?"

"దారిలో ఈగల్ని కొట్టడానికి."

"అంచులన్నీ నలిగాయి. చాలా ఈగలే తగిలినట్టున్నాయి."

"సరే, చదివాను! చదివాను కాబట్టే చెప్తున్నా. మామయ్యకి తండ్రేంటసలు? మొదటి పుస్తకం మొదటి పేజీలో ఏం రాశాను నేను? 'ఈ నిచ్చెన తప్ప నాకు నా అన్నవాళ్ళు లేరు.' పిల్లలు గోడల మీద రాసుకున్నారు ఆ మాట. నువ్వేమో ఎక్కణ్ణించో ఒక ముసలోణ్ణి ఈడ్చుకొచ్చి వంతెన కింద కూర్చోబెట్టావు."

"లేరన్నాడు గానీ, పోయారన్లేదుగా. అలిగినవాళ్ళు కూడా లేరనే అంటారు."

"చాల్లే నీ వకాల్తా. ఆ అలకైనా దేనికి? కుర్రాడుగా ఉన్నప్పుడు మామయ్య వెదురుబద్దలు కట్టి ఒక నిచ్చెన చేసుకున్నాడు. నీళ్ళ ట్యాంకు ఎక్కబోయి పడ్డాడు. తండ్రి నవ్వాడు. అంతేగా? ఒక్క నవ్వుకి ఇన్నేళ్ళ పగా? ఎవడు నమ్ముతాడమ్మా?"

"నవ్వి ఊరుకోలేదు. వీధంతా పిలిచి నవ్వించాడు. విరిగిన నిచ్చెన ఇంటింటికీ పట్టుకెళ్ళి చూపించాడు."

"మరీ చోద్యం. ఏ తండ్రి చేస్తాడు అలా?"

"నాకు పధ్నాలుగేళ్ళు నాన్నా."

"కథ గురించి మాట్లాడు."

"కథ గురించే. పధ్నాలుగేళ్ళప్పుడు మామయ్య మీద నా మొదటి కథ రాసి నీ బల్ల మీద పెట్టాను. ఈ ఆఫీసులోనే. నువ్వు అందర్నీ పిలిచావు. బొమ్మలవాళ్ళని, అచ్చువాళ్ళని, కింద కట్టలు కట్టేవాళ్ళని కూడా వదల్లేదు. కుర్చీ ఎక్కి పైకి చదివావు. నా గొంతు పెట్టి. కీచుగా."

"ఏదో సరదాకి..."

"అందరూ కడుపులు పట్టుకుని నవ్వారు. నేను తలుపు దగ్గరే ఉన్నా. నువ్వు చూశావు. చూసి, ఇంకాస్త కీచుగా చదివావు."

"అంటే? ఆ ముసలోడు నేనా?"

"నేనన్లేదు."

"అన్నావు!"

"గుమ్మడికాయల దొంగంటే నువ్వు భుజాలు తడుముకుంటే నేనేం చెయ్యను?"

"తడుముకోవట్లేదు. నేను బొమ్మ గురించి మాట్లాడుతున్నా. ఆ మనిషికి మొహమేది? పుస్తకమంతా తిరగేశాను, ఒక్కచోట మొహం లేదు. నిలబడితే వీపు, కూర్చుంటే వీపు. చెయ్యి తిరగనివాళ్ళే వీపులు గీస్తారు. మొదట్నుంచీ అంతే నువ్వు, కష్టమైన చోట తప్పించుకుపోతావు."

"ఎదురుగా చూడని మొహం గీయొద్దని నేర్పింది ఎవరు? పోలీసు కావాలంటే పోలీసుని తెచ్చి కూర్చోబెట్టేవాడివి. ఏడుపు మొహం కావాలంటే అమ్మని ఏడిపించేవాడివి."

"అందుకే నా బొమ్మలు నిలబడ్డాయి."

"అవును. నేనూ ఆ పద్ధతే పట్టుకున్నా. తప్పు నాదే అని చెప్పే నాన్న మొహం ఎలా ఉంటుందో నేనెప్పుడూ చూళ్ళేదు. అందుకే వీపు."

"ఫ్యాను తిరుగుతోందా అసలు? ఉక్కగా ఉంది."

"తిరుగుతోంది. నాన్నా, ఈ కథ ఎందుకు ఉండాలంటున్నానో నీకు తెలుసు. మిగతావి పోతే పోనీ, మళ్ళీ రాసుకుంటా. ఇది పోతే, మామయ్యకి ఆ మాట ఎవరూ చెప్పనట్టే. ఇక ఎప్పటికీ."

"ఒక కాగితం బొమ్మకి ఎవడు ఏం చెప్తే ఏంటి?"

"ఏమీ లేకపోతే, ఒక్క పని చెయ్. ఆఖరి పేజీలో ఆ తండ్రి మాటల బుడగలో ఉన్నది పైకి చదువు. 'ఆ రోజు నవ్వాను, తప్పు నాదే.' అంతే. కుర్చీ ఎక్కక్కర్లేదు. మామూలు గొంతుతో చదువు. చదివితే, ఇది కూడా నీ ఇష్టం. కొట్టేసినా నోరెత్తను."

"అక్షరాలు మరీ చిన్నవి వేయించావు."

"పుస్తకం మొత్తంలో పెద్దవి అవే."

"కళ్ళద్దాలు తేలేదు."

"నీ ముక్కు మీదున్నాయి."

"గొంతు బాలేదమ్మాయ్."

"పొద్దుట్నుంచి కొట్టెయ్ కొట్టెయ్ అని అరవడానికి బాగానే ఉందిగా."

"చూడు. ఇద్దరం పెద్దవాళ్ళమే. ఎవరి మాటా పోకుండా చూసుకుందాం. కథ ఉంచుకో."

"ఉంచుకోనా?"

"ఉంచుకో. మామయ్యకి తండ్రున్నాడు, సరే. వంతెన కిందకి వస్తాడు, సరే. విరిగిన మెట్టు బాగు చేసిపెడతాడు. ఆ చేతులు బాగానే గీశావు, అదీ ఒప్పుకుంటా. ఆ ఒక్క బుడగ తీసెయ్. మాట్లాడకుండా వెళ్ళిపోతాడు. హుందాగా ఉంటుంది."

"తప్పు నాదే అన్న ముక్క తీసేసి, మిగతాదంతా ఉంచుకోవాలి."

"చదివేవాళ్ళు అర్థం చేసుకుంటారులే. అన్నీ విప్పి చెప్పాలా ఏంటి? తండ్రి అంతదూరం నడిచొచ్చాడు, అది చాలదూ?"

"ఖాయమేనా? మళ్ళీ మాట మార్చవుగా?"

"ఖాయం. నా జీవితంలో మొదటిసారి ఒకళ్ళకి తలొగ్గాను, గొప్పగా చెప్పుకో. ఇక కాఫీ చెప్పించు. ఆ చంద్రమండలంవాడికి కూడా ఒకటి పంపు, పాపం. ...ఏంటది? ఎర్ర పెన్సిలు ఎందుకు తీశావు?"

"కొట్టేస్తున్నా."

"బుడగ ఒక్కటే కొట్టెయ్! అట్ట మీద గీస్తున్నావేంటి? కథ ఉంచుకోమన్నాను కదా!"

"వద్దు. మొదటి పేజీలో నువ్వు రాసిందే నిజం నాన్నా. ఆ తండ్రి రాలేదు."