దొరగారి మోటారూ, దిగని ఎత్తూ

“రేపు గొలుగొండ నుంచి మీ అమ్మాయి శారదమ్మగారిని పురిటికి తెచ్చుకోవాలంటే, యివాళే మీ మోటారు నాకు ఒప్పసెప్పీయండి యాజులుగారూ, కుదపకుండా సేసిస్తాను,” అన్నాడు కమ్మరి దేవుళ్లు అరుగు మీద చతికిలబడి. “తొమ్మిదో నెలయితే ఏటండీ? కడుపులో బిడ్డకి నిద్దరైనా సెదరదు.

“కిందటేడు సర్వే దొరగారి మోటారుకీ ఇదే తగులాటకం. మన నాటుబళ్లు దారికి రెండేపులా గాడులు తవ్వీసి నడిమధ్యన గట్టు మిగిల్సినాయి కదండీ! మోటారు కాస్త కిందకి దిగిందా, ఆ గట్టు పొట్టకి తగిలీద్ది. అంచేత దిగకూడదు, కుదపకూడదు. నానేటి సేసినాను? సక్రాల మీదుండి కుదుపు కాసీ ఇనప కమాన్లు ఇప్పీసి, లావు పట్టీలు తీసి, పల్సటివి సాగ్గొట్టి పెట్టినాను. అంగుళం దిగితే ఒట్టు!”

“పట్టీలు పల్చనై మెత్తబడితే మోటారు ఇంకా కిందకి దిగాలి కదటోయ్?” వకీలు యాజులుగారు బుర్ర గోక్కున్నారు.

“అందరూ అక్కడే బోల్తా పడతారండీ! దొరగారు నిండుగళాసు కాఫీ పట్టుకు కూకున్నారు, సుక్క తొణకలేదు. ఎనక సీటు కింద కోడి గుడ్లు పొదిగీసింది. ఆ తరవాత ఏటయిందో తెలుసా? గొలుగొండ పల్లం వచ్చింది. సక్రాలు పల్లంలోకి దిగిపోనాయి. మోటారు మాత్తరం పైనే ఉండిపోనాది!”

“ఎక్కడ పైన?”

“ఉన్న ఎత్తులోనే అండీ! దిగకూడదన్నాను కదా, దిగలేదు. దొరగారికి నిచ్చెన ఏసి దింపినాం.”

“అయితే మోటారు దిగిందా, దొర దిగాడా?” యాజులుగారికి చెమటలు పట్టాయి. “చక్రాలు కింద, అమ్మాయి పైన... నాకేం బోధపడ్డం లేదోయ్. అవతల పిల్ల ప్రాణం!”

అప్పటిదాకా పొగాకు నలుపుకుంటున్న గుమాస్తా జోగులు తల ఎత్తాడు.

“దేవుళ్లు బావా, మొన్న మీ కూతురు రాజులమ్మనీ ఆ దారినే పురిటికి తెచ్చినావు. అడిగితే దొరగారు నీకు మోటారు కాదనరు కదా. అందులోనే తెచ్చినావేటి?”

“డోలీలోరా.”

“అదేటి, డోలీ ఎందుకు?”

“ఎర్రోడా!” దేవుళ్లు కస్సుమన్నాడు. “నిండుసూలాలు! మోటారు ఎక్కిస్తే కుదిపీయదా?”

దేవుళ్లు కండువా దులుపుకున్నాడు.

“అమ్మయ్య, ఇప్పుడర్థమైంది,” అన్నారు యాజులుగారు. “జోగులూ, బేగి వెళ్లి ఆ డోలీవాళ్లనే పిలుచుకురా.”