అడుగున మిగిలిన నూనె

చిత్తూరులోని ఆ గానుగ కొట్టులో ఇంటి నుంచి క్యాను తెచ్చుకున్నవాళ్ళకు నూనె లీటరుకు పది రూపాయలు తక్కువ. ఒకాయన తెచ్చిన స్టీలు క్యాను మూత తీసి చూసి, కొట్టామె ముఖం చిట్లించింది.

"అన్నా, అడుగున పాత నూనె అట్నే ఉండాది సూడు. కడగలేదా?"

"లేదమ్మా. దానిమీదనే పొయ్యి."

"కొత్త నూనె గూడా సెడిపోతాది. పది రూపాయలు మిగిలిచ్చుకోబోయి రెండు లీటర్లు పారబోసుకుంటావా? అక్క తెచ్చేటప్పుడు ఈ క్యాను అద్దం మాదిరి ఉండేది."

"ఆ నూనె మీ అక్క కొనిందే. కువైట్‌కు పనికి పొయ్యే ముందురోజు, ఈడనే. ప్లాస్టిక్ పాకెట్లు కొనొద్దు, క్యాను ఎత్తకపో అని పదిసార్లు సెప్పి పోయింది."

"ఏడాదైంది గదా! ఇన్నాళ్ళూ దేంతో వండుకున్నావు?"

"పాకెట్లే తెచ్చినా. ఈ క్యాను ముట్టబుద్ది కాలేదు. నిన్న ఫోన్లో, క్యాను ఎత్తకపోతా ఉండావా అని అడిగింది. ఊ అన్నాను."

భార్యకు చెప్పిన ఆ అబద్ధాన్ని నిజం చేయడానికే ఇవాళ వచ్చినాడని ఆమెకు అర్థమైంది. ఒక గాజు సీసా తీసి, పాత నూనెను చుక్క పోకుండా అందులోకి వంచింది.

"ఇది ఇంట్లో పెట్టుకో. క్యాను కడిగి ఎండబెడతా, సాయంత్రం వచ్చి నూనె పోయించుకో. అయినా అక్క వచ్చి ఈ సీసా సూస్తే, ఇంత నూనె దండగ చేసినావని తిడతాది."

ఆయన సీసాను చొక్కా అంచుతో తుడిచి, సంచిలో నిలబెట్టుకున్నాడు.

"తిట్టనీ తల్లీ. దానికోసరమే గదా దాసిపెట్టేది."