ఆ ఆదివారం డ్యూటీ నాది

రండి, ఇటు దగ్గరికి రండి. అదేంటి, మనిషికీ మనిషికీ మధ్య అంత ఎడం? ఆ రోజులు అయిపోయాయి. ఒకళ్ళకొకళ్ళు ఆనుకుని కూర్చోండి. జెస్సీ, నువ్వు నా పక్కకి రా. కళ్ళు తుడుచుకో. హర్షితా, నువ్వూ రా. కొట్టనులే. ఎప్పుడన్నా కొట్టానా?

బెల్లు నాకూ వినపడింది. నా తెనాలి బస్సు పోతే పోనీ, ఇంకోటి వస్తుంది.

ఏమన్నావే హర్షితా, మధ్యాహ్నం అన్నాల దగ్గర? మళ్ళీ చెప్పు. చెప్పవా? సరే, నేనే చెప్తా. "మీ అమ్మ కరోనాలో ప్రార్థనలకి తిరిగి చచ్చిపోయింది" అన్నావు. జెస్సీ నీ మీదికి పళ్ళెం విసిరింది. విసరడం తప్పే. మరి నీ మాటకేంటి శిక్ష?

నీకెవరు చెప్పారు? మీ నాయనమ్మ. కోటేశ్వరమ్మ గారికెవరు చెప్పారు? ఊరు. ఊరికెవరు చెప్పారు? జెస్సీ వాళ్ళ నాయనమ్మ. ఆవిడకి చెప్పిందెవరో తెలుసా? జెస్సీ వాళ్ళమ్మే! అవును, అబద్ధం చెప్పింది. ఎందుకు చెప్పిందో నాకు తెలుసు.

కథే అనుకోండి. శనివారం శనివారం చెప్తాను కదా, నక్క కథలు, కుందేలు కథలు. ఇందులోనూ ఒక నక్క ఉంది. ఎవరో చివర్లో మీరే చెబుదురుగాని.

నాలుగేళ్ళ కిందట ఈ బళ్ళో ముగ్గురం. హెడ్మాస్టరు శేషగిరిరావు సారు, నేను, జెస్సీ వాళ్ళమ్మ హెప్సిబా టీచరు. మీకప్పటికి పలక పట్టుకోవడం కూడా రాదు. బళ్ళు మూసేశారు గానీ మాకు సెలవులెక్కడివి? పొద్దున ఇల్లిల్లూ తిరిగి ఎవరికి జ్వరమో రాసుకోవాలి. మధ్యాహ్నం బియ్యం, గుడ్లు, చిక్కీలు పంచాలి. పంచినట్టు ఫోటో తీసి పంపాలి. ఫోటో వెళ్ళకపోతే పంచనట్టే! సిగ్నల్ కోసం వాటర్ ట్యాంకు మెట్లెక్కేవాళ్ళం, ఈ వయసులో.

సారుకి ఫోన్ చేస్తే ఒకటే మాట. "మీలో మీరు అడ్జస్ట్ చేసుకోండమ్మా. నాకు రిజిస్టర్లో సంతకం ఉంటే చాలు."

చేసుకున్నాం. ఇంకేం చేస్తాం? నాకు మోకాళ్ళు లాగితే హెప్సిబా వెళ్ళేది. ఇదిగో ఈ జెస్సీ పేచీ పెడితే ఆమె బదులు నేను వెళ్ళేదాన్ని. తెల్లారగానే ఫోన్: "దిల్షాదక్కా, బతికే ఉన్నావా?" "ఉన్నానే." "అయితే డ్యూటీకి రా!" ఇద్దరం పగలబడి నవ్వుకునేవాళ్ళం. ఆ నవ్వే లేకపోతే నాకు పిచ్చెక్కేది పిల్లలూ.

అది రంజాన్ నెల. రేపల్లెలో ఒక హాస్టల్ని జబ్బు చేసినవాళ్ళ కోసం సెంటర్ చేశారు. గేటు దగ్గర కూర్చుని వచ్చినవాళ్ళ పేర్లు రాయాలి. ఆదివారానికి నా పేరు పడింది.

శనివారం సాయంత్రం హెప్సిబాకి ఫోన్ చేశాను. "రోజా ఉంటున్నాను కదే. గుక్కెడు నీళ్ళు లేకుండా ఆ ఎండలో కూర్చోలేనే" అన్నాను.

కాదనలేదు. "నువ్వు ఉపవాసం ఉండక్కా, నీ డ్యూటీకి నేనుంటా. కానీ వేరేవాళ్ళ బదులు వెళ్తున్నానంటే మా అత్తమ్మ గడప దాటనివ్వదు. బాపట్లలో మా పెద్దమ్మ ఇంట్లో ప్రార్థన ఉందని చెప్తా. నువ్వు నోరు జారకు" అంది.

నేను నోరు జారలేదు. ఎంత గట్టిదాన్నో చూడండి, ఇప్పటిదాకా జారలేదు!

ఆ సాయంత్రం ఫోన్ చేసింది. "డెబ్భై పేర్లు రాశానక్కా. ఒక తాతయ్య పేరు చెప్పడానికి మాస్కు తీసి మరీ నా మొహాన దగ్గాడు" అని నవ్వింది. నేనూ నవ్వాను.

నాలుగో రోజు జ్వరం. పదో రోజు ఆయాసం. బాపట్లలో మంచం దొరక్క తెనాలి తీసుకొచ్చారు. ఆ ఆసుపత్రి మా ఇంటికి రెండు వీధుల అవతలే. నేను చూడ్డానికి వెళ్ళలేదు. పదమూడో రోజు... సరే, తెలుసుగా.

ఆ మర్నాడు మాకు ఫోన్లో ట్రైనింగ్. ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అని! "గట్టిగా ఊపిరి పీల్చండి, మెల్లగా వదలండి" అంటోంది ఒకావిడ. ఊపిరందక పోయిన మనిషిని పూడ్చి ఒక పూట కాలేదు. పీల్చాను. వదిలాను. చివర్లో ప్రశ్నలు. మీ తోటి ఉద్యోగుల నుంచి మీకు సహకారం అందుతోందా? అవును, కాదు, కొంతవరకు. "అవును" నొక్కాను. అంతకన్నా నిజం నా సర్వీసులో ఎక్కడా రాయలేదు.

తర్వాత సారు పిలిచి రిజిస్టరు ముందు పెట్టారు. ఆదివారం గడి ఖాళీ. "సంతకం పెట్టమ్మా, లేకపోతే మనిద్దరికీ మెమోలు. పోయినావిడ ఎటూ రాదు" అన్నారు. పెట్టాను.

డ్యూటీ చేస్తూ పోయిన టీచర్ల పేర్లు మీటింగులో చదివారు. అందులో హెప్సిబా లేదు. ఎలా ఉంటుంది? రిజిస్టర్లో నేనున్నాను, ఆమె ప్రార్థనలో ఉంది! "చెప్పినా వినకుండా పోయి చచ్చింది" అని వాళ్ళత్తగారు ఇప్పటికీ ఫోటో ముందు నిలబడి తిడుతుంది. ఈ పిల్ల వింటూ పెరుగుతోంది.

నువ్వెందుకేడుస్తావే హర్షితా? నువ్వన్నది నా అబద్ధమే. అది తిరిగి తిరిగి నీ నోట్లోకొచ్చింది, అంతే.

నక్క ఎవరో తెలిసిందా? ఆగండి, అవలేదు.

ఆ ఆదివారం నేను రోజా లేను. భయమేసింది. అంతే, ఇంకేం లేదు. ఆమె రేపల్లెలో పేర్లు రాస్తున్న వేళకి నేను తెనాలిలో ఫ్యాను కింద కూర్చుని, పప్పులో ఆవకాయ కలుపుకుని కడుపునిండా తిన్నాను. నిద్ర కూడా పోయాను.

సారు రిటైరైపోయారు. నాకింకా రెండేళ్ళుంది. పై ఆఫీసుకి ఉత్తరం నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ చించాను. జెస్సీ వాళ్ళింటికి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చేశాను. పెద్దవాళ్ళకి చెప్పలేక మీకు చెప్తున్నాను. ఇదీ మీ టీచరు.

బళ్ళో మాటలు ఇంటికి మొయ్యద్దని రోజూ అంటానా? ఇవాళ మొయ్యండి. అన్నం తింటూ చెప్పండి. హర్షితా, మీ నాయనమ్మకి చెప్పు, తెల్లారేసరికి తెనాలి దాటి అంగలకుదురు దాకా చేరుతుంది.

జెస్సీ, నువ్వు మాత్రం చెప్పకు. అది నీ పని కాదు. మీ నాయనమ్మకి నేనే చెప్తా, నీతో వస్తా.

చెయ్యి వదిలేశావేం?

రావద్దా?

...సరే. నువ్వు ముందు నడు. నేను నాలుగడుగులు వెనకే వస్తాను.

మీరింకా చూస్తారేంటి? లేవండి. ఇళ్ళకెళ్ళి అన్నాలు తినండి, చల్లారిపోతాయి.