క్రేట్ల మీది అక్షరాలు

సభాధ్యక్షులు, మన హెడ్మాస్టరు శ్రీరాములు గారికి, ముందు వరసలో కూర్చోనుండే పెద్దలకు, కుప్పం నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన నా పాత పిల్లకాయలకు నమస్కారం. ఈ స్వర్ణలత రిటైరవతా ఏడుస్తాదని కొందరు కర్చీఫులు తెచ్చుకున్నారంట. జోబీల్లో పెట్టుకోండప్పా, నాకీ పొద్దు కాలు నేల మీద నిలవడం లేదు. యాలంటే, నా ఇంగ్లీషు క్లాసుకు నిన్న కొత్త టీచరుగా వచ్చి చేరింది ఎవరో కాదు, ఇదే బడిలో నా దగ్గర చదివిన రాణి.

ముప్పై మూడేళ్లు ఈ పుంగనూరు పిల్లకాయలకు నేను చెప్పింది ఒకటే పాఠం అనిపిస్తాది: వాక్యం మొదలైతే పెద్దక్షరం, అదే క్యాపిటల్ లెటరు, మనిషి పేరుకూ ఊరి పేరుకూ పెద్దక్షరం, మిగతావన్నీ చిన్నక్షరాలు. 'నేను' అనే మాటను మాత్రం ఇంగ్లీషోళ్లు యాడ వచ్చినా పెద్దక్షరంతోనే రాస్తారు. మన పక్క అట్ల రాసుకుంటే వీడికి పొగరెక్కిందంటారు. (నవ్వులు) నవ్వతాండావు గానీ వెంకటేషూ, పదో తరగతి పరీక్షలో సొంత పేరే చిన్నక్షరంతో రాసినోడివి నువ్వు.

రాణి సంగతి వేరే. ఎనిమిదో తరగతిలో వ్యాసం రాయమంటే మొదటి నుంచి చివరిదాకా అన్నీ పెద్దక్షరాలే రాసింది. మూడుసార్లు చెప్పినా అంతే. మొండితనం అనుకుని, క్లాసు ముందర ఆ నోటుపుస్తకం చించేసినా. మర్నాటి నుంచి ఆ పాప బడికి రాలేదు.

నాలుగో రోజు వాళ్లమ్మ కూలికి పోయే మదనపల్లె టమాటా మార్కెట్టుకు వెతుక్కుంటా పోయినా. వాళ్లమ్మ కుప్పమ్మ టమాటా క్రేట్లు వరస పెడతాండాది, రాణి వాటి మీద పెయింటుతో సరుకు కొనే మండీల పేర్లు ఇంగ్లీషులో రాస్తాండాది. అన్నీ పెద్దక్షరాలే. క్రేట్ల మీద అట్లనే రాస్తారు. చిన్నప్పట్నుంచీ ఆ పాప చేతికి అలవాటైన ఇంగ్లీషంతా అదే. యాల ఇట్ల రాస్తావని నేను ఒక్కసారైనా అడిగితే కదా తెలిసేది.

'రేపు బడికి రామ్మా' అని మాత్రం అన్నా. తప్పయిందని చెప్పుకోడానికి నామోషీ అయ్యింది, టీచరమ్మను కదా. (రాణి వైపు తిరిగి) రాణీ, తప్పు నాది.

(వెనక వరసలోంచి కుప్పమ్మ: "అది యాపొద్దో మర్సిపోయినామమ్మా, ఇంతమందిలో యాల ఇప్పుడు.")

నేను మరిచిపోలేదు కుప్పమ్మా. పదిమంది ముందర చించినా, పదిమంది ముందరే చెప్పాల.

శాలువా కప్పినోళ్లకు, వంట చేసిన పాపక్కకు, ఇంతసేపు ఓర్చుకున్న మీ అందరికీ దండాలు. రాణీ, రేపట్నుంచి క్లాసు నీది. పిల్లకాయల మీద అరిచే ముందు ఒక మాట అడుగమ్మా. ఇంగ నాకు సెలవు.