చీటీలో పేరు

గాంధీపురంలో ఒక ఛాతీ ఆస్పత్రి, మూడో అంతస్తు, ఊపిరి పరీక్ష గది. పరీక్ష చేసే అమ్మాయి కృత్తిక, సింగానల్లూరు నుంచి వచ్చిన ధనభాగ్యం, కుర్చీలో ఒక మనిషి.

“తెలుగులోనే చెప్పండి అక్కా, మా ఇంట్లోనూ అదే మాట. పేషెంటు పేరేమి?”

“చీటీలో ఉండాది గదా అమ్మణీ.”

“ఉండాది. అయినా నోటితో అడిగి రాసుకోవాల, ఈడ రూలు.”

“నేనెట్ల చెప్పేది? కట్టుకున్నవాళ్ళ పేరు!”

“మా అమ్మమ్మ కూడా ఇంతే. రేషన్ కార్డులో తాత పేరుమీద వేలు పెట్టి చూపించేది. సరి, అన్నా, మీరే చెప్పండి.”

“ల... లక్ష్మణన్.”

“వయసు?”

“నలభై...”

“యాభై ఆరు! యాభై ఆరు అమ్మణీ. ఈయనకు వయసు ఎప్పుడడిగినా తప్పే.”

“పేషెంటును చెప్పనీండి అక్కా. 2021లో కొవిడ్, పద్దెనిమిది రోజులు ఆక్సిజన్ అని ఉండాది. సరేనా అన్నా?”

“అవును పాపా, పద్దెనిమిది. ఆ పద్దెనిమిది రోజులూ వరండాలోనే పండుకుంటిని.”

“ఆక్సిజన్ పెట్టిన పేషెంటును వరండాలో పండబెట్టినారా?”

“లేదు లేదు, వరండాలో పండుకున్నది నేను. ఈయన లోపలే ఉండినారు. ఆ జ్వరంలో ఈయనకేమి గుర్తుండాది?”

“సరి. ఎందుకన్నా అంత చెమట?”

“లిఫ్టు లేదే.”

“చెడిపోయి వారమాయె. వాళ్ళను అడిగి అడిగి నా నోరు నొప్పి. నీళ్ళు తాగండి, పది నిమిషాలు కూర్చున్నాకే చేద్దాం.”

“వద్దు పాపా, ఇప్పుడే చేసేయి. ఎక్కేటప్పుడు రెండుసార్లు ఫోను వచ్చింది, మాట్లాడతా ఎక్కితిని. అంతే.”

“ఈ రిపోర్టు ఏమిటికి, నూలు మిల్లుకా?”

“మిల్లుకే అమ్మణీ. కొవిడ్‌లో ఊపిరి చెడినవాళ్ళంతా రిపోర్టు తేవాలంట. ఊపిరి నూటికి అరవై దాటితే పనిలో ఉంచుతారంట, తగ్గితే ఇంటికేనంట. ఇంగ రెండేండ్ల సర్వీసు ఉండాది. మా పాప చదువు ముగియలే. అరవై వస్తుంది గదా?”

“నా చేతిలో ఏముంది అక్కా? ఈ వయసు, ఈ ఎత్తు మనిషికి ఎంత ఊపిరి ఉండాల్నో మిషనుకు తెలుసు. అందులో నూటికి ఎంత ఉండాదో అది చెప్తుంది. అన్నా, ముక్కుకు క్లిప్ పెడతా ఉండాను. గొట్టం పండ్లతో పట్టుకోండి, పెదవులు మూయండి. గాలి లోపలికి... నిండా, నిండా, నిండా... ఇప్పుడు ఊదండి! ఊదు ఊదు ఊదు ఊదు, ఆపొద్దు, ఇంకా, ఇంకా... అయ్యో, ఆపేస్తిరే.”

“ఆ క్లిప్పు... తీయి పాపా.”

“మూడు సెకన్లే ఊదినారు. ఆరు కావాల. మళ్ళీ.”

“ఊదుతా.”

“నిండా... నిండా... ఊదండి! ఊదు ఊదు ఊదు... దగ్గొద్దు, దగ్గొద్దు అన్నా!”

“శివరామా! శివరామా, నిమ్మళం, నిమ్మళంగా...”

“శివరామన్ ఎవరక్కా?”

“ఎవరు?”

“ఇప్పుడు పిలిచినారే.”

“సామి పేరమ్మణీ. భయమైతే సామి పేరు రాదా నోటికి?”

“సామి వీపు నిమురుతా పిలుస్తారా? అక్కా, నా మొకం చూడండి. పోయిన నెల ఒకరి పేరుకు ఇంకొకరు వచ్చి ఊదిపోయినారు. అప్పుడు ఈ కుర్చీలో ఉండిన అమ్మాయికి ఇప్పుడు ఇక్కడ పని లేదు. తెలుసా?”

“ఏమిటికమ్మణీ అట్ల మాట్లాడతావు? మేము గౌరవంగా బతికేవాళ్ళం.”

“అయితే ఆధార్ చూపించండి.”

“ఇంట్లో ఉండాది.”

“ఫోన్లో?”

“పాపా, ఇంగొకసారి ఊదుతా. బాగా ఊదుతా. దాని తర్వాత ఏమన్నా అడుగు.”

“...సరి. కడపటిసారి. లోపలికి తీసుకోండి, నిండా... ఊదు ఊదు ఊదు ఊదు, ఇంకా, ఇంకా, ఇంకా... చాలు. క్లిప్ తీసేయండి.”

“వచ్చిందా? అరవై వచ్చిందా?”

“నలభై ఏడు.”

“ఏమి?”

“నలభై ఏడు అక్కా. మూడింట్లో బాగున్నదే ఇది.”

“మిషను తప్పు.”

“పొద్దున చెక్ చేసినాను.”

“మళ్ళీ చెయ్యి! నలభై ఏడంట! ఎట్ల వస్తుంది నలభై ఏడు?”

“అరవకండి, బయట పేషెంట్లు ఉండారు. ఇదో, ఈ పెద్ద పిచికారీ చూడండి. సరిగ్గా మూడు లీటర్ల గాలి పడుతుంది ఇందులో. మిషన్లోకి తోస్తా ఉండాను. అన్నా, ఎంత చూపిస్తుందో మీరే చదవండి.”

“మూడు.”

“మిషను బాగుండాది. ఇప్పుడు నేను ఊదుతా, చూడండి... ఎంత?”

“తొంభై ఆరు.”

“చాలా అక్కా? కొవిడ్‌లో అన్ని రోజులు ఆక్సిజన్‌లో ఉండిన ఊపిరి. నలభై ఏడు అంటే నాకేమీ ఆశ్చర్యం లేదు.”

“ఆ ఊపిరి వేరే! అది ఈయనది కాదు! ఈయనకు ఏమీ లేదమ్మణీ, ఒంట్లో ఒక నలత లేనివాడు, డాక్టరు గడప తొక్కనివాడు, అందుకే గదా ఈయన్ను...”

“వదినా! చెప్పేసినావే.”

“మీరు వదినామరుదులా?”

“అవును పాపా. నేను శివరామన్. లక్ష్మణన్ మా అన్న. కింద టీ అంగడిలో కూర్చుని ఉండాడు. ఆయన మెట్లెక్కలేడు.”

“మీకు బుద్ధి ఉండాదా? ఇద్దరికీ? ఆ రిపోర్టుమీద సంతకం పెట్టేది నేను! ఊపిరి లేని మనిషికి ఉండాదని నేను రాసిస్తే, ఆయన ఆ పత్తి దుమ్ములో పోయి నిలబడితే, పడిపోతే, ఎవరిది పాపం?”

“నాది. నాదే. వదిననేమీ అనొద్దు.”

“ఎవరిదీ ఆలోచన?”

“మా అన్నదే.”

“ఆయనదా?”

“పోయిన గురువారం పిలిచినాడు. ‘నాకు అరవై రాదురా, నువ్వు నా పేరుతో ఊదిరా’ అన్నాడు. చిన్నప్పటి నుంచి నన్ను ఒకటి ఇయ్యమని అడగని మనిషి. కాదంటానా? ఇప్పుడు నేను పోయి ఏమని చెప్పాల? నీ పని పోగొట్టి వచ్చినానని చెప్పాల్నా?”

“ఉండండి. ఉండండి అన్నా. మీ అన్న సంగతి పక్కన పెట్టండి. మీ వయసు ఎంత?”

“నలభై నాలుగు.”

“నలభై నాలుగు. ఇప్పుడు లెక్క మారిపోతుంది. యాభై ఆరేండ్ల మనిషికని వేసినాను ఇంతసేపూ. మీ వయసుకు వేస్తే... నలభై మూడు.”

“ఇంకా తగ్గెనా?”

“చిన్న వయసుకు ఎక్కువ ఊపిరి ఉండాల అన్నా. మీకేమి పని?”

“ఫౌండ్రీలో ఇనుము పోత పని. పంపుసెట్టు బాడీలు పోసినాక అంచులు గ్రైండు చేసేది. ఇరవై రెండేండ్లు.”

“అచ్చుల ఇసుక దుమ్ము లేస్తుంది గదా. మాస్కు?”

“తువాలు కట్టుకుంటా.”

“కొవిడ్ వచ్చిందా మీకు?”

“లేదు.”

“పరీక్ష చేసినారా?”

“లేదు పాపా. అన్న లోపల ఉండినప్పుడు రెండు రోజులు ఒళ్ళు కాలింది. వరండాలోనే పండుకుని కషాయం తాగితిని. పరీక్ష చేస్తే నన్నూ ఎక్కడికన్నా తీసుకుపోతారు. అప్పుడు అన్నకు ఎవరుండారు? సిలిండరు ఎవరు మోస్తారు?”

“నాకు చెప్పలేదే నువ్వు!”

“చెప్పి ఏమి చేసేది వదినా? నువ్వు అప్పుడే సగం చచ్చిపోయి ఉండినావు.”

“శివరామా. ఇందాక మెట్లమీద ఫోను వచ్చిందని రెండుచోట్ల నిలబడితివే.”

“వచ్చింది.”

“మోగలేదు.”

“వైబ్రేషన్లో పెట్టినా.”

“ఫోను నా సంచీలో ఉండాది. ఆటోలో నువ్వే ఇచ్చినావు. ఆదివారం గుడికి రమ్మంటే పని ఉండాదంటావు. మంచం వద్దు, గోడకు ఆనుకుంటేనే నిద్ర వస్తుందంటావు. నేనొక పిచ్చిదాన్ని, ఫౌండ్రీలో ఒళ్ళు నొప్పి అనుకుంటిని. ఎన్నాళ్ళాయె?”

“వదినా, ఈడ వద్దు.”

“ఎన్నాళ్ళాయె చెప్పు!”

“రెండేండ్లు. మూడుండొచ్చు.”

“అక్కా, ఏడవకండి. నేను డాక్టరును కాదు, ఏ జబ్బో నేను చెప్పకూడదు. కానీ ఈ మనిషి ఈ పొద్దు డాక్టరును చూడకుండా కిందికి దిగకూడదు. ఎక్స్‌రే తీయాల.”

“నేను చూపించుకోను.”

“ఏమన్నారు?”

“చూపించుకోను పాపా. చూపిస్తే ఫౌండ్రీకి పోవద్దంటారు. అన్న పని ఎట్లాగూ పోయింది ఇప్పుడు. నాదీ పోతే రెండు ఇండ్లకు పొయ్యి ఎట్ల వెలుగుతుంది? ఆ కాయితం చింపేయి. నేను రాలే, నువ్వు చూడలే. పద వదినా.”

“కూర్చో శివరామా.”

“పద వదినా, లే.”

“కూర్చోరా! నీకు అన్నం పెట్టి పెంచినదాన్ని, చెప్తా ఉండాను, కూర్చో!”

“అన్నా, తలుపు దగ్గర నిలబడొద్దు, ఎవరో వస్తా ఉండారు. అయ్యా, లోపల టెస్టు జరుగుతా ఉండాది, బయట కూర్చోండి.”

“నేను లక్ష్మణన్, అమ్మణీ.”

“మీరా? మీరేమిటికి పైకి వస్తిరి? మూడంతస్తులు! ఊపిరి నిలుస్తుందా? కూర్చోండి, కూర్చోండి, నీళ్ళు...”

“నాకేమీ లేదు ధనం. ఒక్కొక్క మెట్టు ఎక్కి వస్తిని. అంత ఏడుపు మొకం ఎందుకు? అమ్మణీ, ఎంత వచ్చింది?”

“మీ రిపోర్టా అయ్యా? అది చెల్లదు. వీళ్ళు నాతో అంతా చెప్పేసినారు.”

“నా రిపోర్టు నేను అడగలేదే. ఊదినవానికి ఎంత వచ్చింది?”

“...నలభై మూడు.”

“నలభై మూడు.”

“అన్నా, నన్ను మన్నించు. ఎంత ఊదినా రాలే. నీ పని పోగొట్టేస్తిని.”

“నా పని ఎక్కడికీ పోలేదు. నిన్ను పిలిచేదానికి ముందు సోమవారమే మిల్లుకు ఊపిరి పరీక్ష బండి వచ్చింది, అందరితోనూ ఊదించినారు. నాకు డెబ్బై రెండు వచ్చింది. ఫిట్ అని ఇచ్చిన కాయితం ఇదో, జేబులోనే ఉండాది.”

“డెబ్బై రెండా! మీకా? నాతో ఒక మాట చెప్పలేదే!”

“చెప్తే నీ మొకం చూసి వాడు కనిపెట్టేస్తాడు ధనం.”

“మరి నన్నెందుకన్నా ఇంత దూరం పిలిపించి, నీ పేరు చెప్పమని...”

“నీ పేరుతో రమ్మంటే వస్తావురా నువ్వు? నాలుగేండ్లుగా, మీ వదిన నిద్రపోయినాక, గోడ అవతల నీ దగ్గు వింటా పండుకుంటా ఉండాను. ఛాతీకి తైలం రుద్దుకో అంటే నవ్వుతావు, డాక్టరు అంటే లేచి పోతావు. నాకోసం అంటే మాత్రం పరుగెత్తుకొని వస్తావు, అది నాకు తెలుసు. అమ్మణీ, నువ్వు తిట్టాలంటే నన్ను తిట్టు, దానికే పైకి వచ్చినాను. కానీ ముందు ఆ కాయితంలో నా పేరు కొట్టేసి, శివరామన్ అని రాయి.”