ఇంక ఆగేది లేదు

సకల జనుల సమ్మెతో బస్సులు ఆగి వారమైంది. మన్సూరాబాద్‌లోని ఇంటి గడప దగ్గర, మూడేళ్ల కూతురిని చంకనెత్తుకున్న కోడలికి అత్త అడ్డం నిలబడింది.

“బస్సుల్లేవు, ఏడికి పోతవే?”

“దిల్‌సుఖ్‌నగర్, డాక్టరమ్మ దగ్గరికి. నడిచే పోతా.”

“నీ మొగడు గూడ నాలుగేండ్లు నిండినంకనే మాట్లాడిండు. పిల్లకు పిచ్చని బస్తీ అంత చాటుతవా?”

“పిచ్చి కాదత్తమ్మా! పిలిస్తే పలుకదు, మొకం దిక్కు చూడదు. ఎంత జల్ది నేర్పిస్తే అంత మంచిదని డాక్టరమ్మ పోయినేడే చెప్పింది. నీ మాట ఇని ఏడాది ఖరాబు చేసిన.”

“సమ్మె అయినంక పోదువు తీ.”

కోడలు పిల్లను ఇంకో చంకకు మార్చుకుంది.

“తెలంగాణకు ఇంక ఆగేది లేదని మొన్న చౌరస్తాల వంటావార్పుల నువ్వే అంటివి గద! మరి నా బిడ్డెందుకు ఆగాలె?”

అత్త పక్కకు జరగలేదు. కోడలు ఆమెను భుజంతో నెట్టుకుని రోడ్డెక్కింది.