జకాతు గాజు

(కళ్యాణదుర్గం, 1958, రంజాన్ నెల. అబ్దుల్ గఫూర్, భార్య దాదాబీ.)

"ఏమే, చేతికి ఒక గాజే ఉండాది. రెండోది యాడ?"

"జారిపోయింది."

"బంగారు గాజు జారిపోయిందా! యాడికి?"

"నారాయణస్వామి శెట్టి అంగట్లోకి."

"అమ్మినావా? నన్నడగకుండా?"

"నీ బంగారమా, నిన్నడగనీకి? నిన్న మసీదులో పెద్దాయన జమాల్ సాబ్ 'బంగారానికి జకాతు తియ్యల్ల కదా గఫూర్, బీదోళ్ళ పాలు' అంటే ఏమన్నావు?"

"ఏమంటి?"

"'నాది కాదు సాబ్, అంతా ఆమెదే, ఆమెనే అడగండి' అన్లేదా?"

"అది... జమాల్ సాబ్‌కు చెప్పిన మాట."

"అల్లాకు వేరే మాట చెప్పినావా?"

"దుడ్లేం చేసినావే?"

"జకాతే ఇచ్చినా. పెండ్లయిన పన్నెండేండ్లదీ ఒకేసారి. మస్తానాబీకి కుట్టుమిషన్ కొనిచ్చినా."

"ఆ మొగుడు సచ్చినదానికా? ఏటేటా చీర ఇస్తాండాము, జొన్నలిస్తాండాము, చాలదా?"

"ఆ చీరే కట్టుకోని మళ్ళేడు మన వాకిట్లోనే నిలబడల్ల. నువ్వు మీసం దువ్వుకోని ఇంకో చీర ఇయ్యల్ల."

"ఆడది మిషన్ తొక్కితే ఊరేమంటాది?"

"రవిక బాగా కుదిరింది అంటాది."

"ఎగతాళా? ఇప్పుడే పోతా. మిషన్ వాపసిచ్చి గాజు తెస్తా. అది నా బంగారం!"

"ఏమంటివి?"

"నాదే అంటాండా! నాది... ఎవరే అరుగు మీద దగ్గుతాండేది?"

"ఇంకెవరు, జమాల్ సాబ్. బంగారం ఎవరిదో తేల్చుకుంటాడంట. నీదైతే పన్నెండేండ్ల జకాతూ నువ్వే కట్టల్లంట."

"ఎప్పుడొచ్చినాడే! ముందే చెప్పకూడదా?"

"నువ్వు చెప్పనిస్తివా? చెప్పు, ఎవరిది?"

"నీదేలేవే."

"అంత మెల్లగా అంటే అరుగు దాకా పోదు."

"నీదే! గాజు నీదే, మిషన్ నీ ఇష్టం! సాబ్, ఈ ఇంట్లో నాది గురిగింజంత బంగారం ల్యాదు సాబ్! వింటాండారా సాబ్?"

"విన్నది, విన్నది. మస్తానాబీ, జమాల్ సాబ్ మాదిరి దగ్గింది చాలు, లోపలికి రామ్మా. కొలతకు ఈయప్ప పాత చొక్కా ఇస్తా, పండక్కి కొత్తది కుట్టు. కూలి మాత్రం వదలొద్దు."